చెవి వైపు చూస్తాను

నీ మొహం చూడాలంటే
నీ చెవి వైపు చూస్తాను.
తప్పుగా అనుకోకు.
నడిమధ్యన మసి పట్టిన లాంతరు చిమ్నీ నా చూపు,
అంచుల్లోంచే వెలుతురొస్తుంది.
కొత్తలో మా వీధి దాశరథి పంతులు నొచ్చుకున్నాడు,
"ఏటమ్మా, నాను మాటాడుతుంటే ఎటో చూస్తావు" అని.
ఆయన కుడి చెవి మీద మూడు తెల్ల వెంట్రుకలున్నాయని
అప్పుడే చెప్పాను.
ఆ తరవాత నేను కనబడితే చాలు, పీట వేస్తాడు.
వద్దన్నా వేస్తాడు. అదొక బాధ.

బరంపురం డాక్టరు తెలుగులోనే చెప్పాడు:
పోయింది రాదు, చీకటీ రాదు.
ఆ రెండు మాటల మధ్య ఎంత చోటుందో
తడుముకోవడానికి రెండేళ్ళు పట్టింది.

మొదటి ఏడాది ఉప్పూ పంచదారా కొట్లాడుకున్నాయి.
ఇప్పుడు ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు,
పంచదార బోడిది.
స్టవ్వు మీటకి గోళ్ళరంగు బొట్టు,
బొట్టు పైకుంటే మంట ఆరినట్టు.
అన్నం నల్ల పళ్ళెంలో తింటాను,
మెతుకు మెతుకూ లెక్కకొస్తుంది.
టీ పోసేటప్పుడు కప్పులో వేలు పెడతాను,
నా కప్పులోనే లెండి.
మీ కప్పుకి చప్పుడు విని పోస్తాను.

గాజుల కొట్టు మూసెయ్యమంది
టెక్కలి నుంచి మా చెల్లి వరహాలు.
"నా దగ్గరుండవే, కూకుని తిందువు గాని."
కూర్చుని తినడం నాకు రాదు,
నిలబడి అమ్మడం వచ్చు.
చెయ్యి పట్టుకుని బొటనవేలి మొదట్లో నొక్కితే
రెండు నాలుగో రెండు ఆరో చెప్పేస్తాను.
ఆ విద్య ఏనాడూ కళ్ళది కాదు.
డజనులో చీలిన గాజుని దాచలేరు నా దగ్గర,
వేలికి తగిలించి మీటితే
మంచిది ఖంగుమంటుంది, చీలింది దగ్గుతుంది.
రంగులకి మాత్రం గడప దాకా వస్తాను,
పదకొండు గంటల ఎండలో.
నెమలిరంగు దగ్గర ఓడిపోతాను.
అప్పుడు సెరంగో కొండల నుంచి వచ్చే
సవరల పిల్ల సుజంతిని అడుగుతాను.
"వానకి ముందు రంగు" అంటుంది,
దాంతో పని జరిగిపోతుంది.

ఒకడు ఐదొందలని చెప్పి యాభై ఇచ్చాడు.
నోటు చూపుడువేలి పక్కన పరిచి
"నాయనా, ఎండకి ముడుచుకుందేటి?" అన్నాను.
కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తెల్లకర్ర ఏడాది పాటు తలుపు వెనకే ఉంది.
పట్టుకుంటే ఊరంతా తెలిసిపోతుందని.
శ్రావణంలో కాలవలో పడి
మోకాలు చీరుకుపోయాక, లేవదీసినవాళ్ళ మాటల్లో తేలింది,
ఊరికి ఎప్పుడో తెలుసు.

మా పర్లాకిమిడిలో బోర్డులన్నీ ఒడియాలో.
చిన్నప్పుడు రెండూ నేర్చుకున్నాను,
వాళ్ళ అక్షరానికి గొడుగు, మన అక్షరానికి తలకట్టు.
ఇప్పుడు గొడుగులూ తలకట్లూ గాలికెగిరిపోయాయి,
మిగిలినవన్నీ గుండ్రాలే,
మేకుకి తగిలించిన గాజుల్లాగ.

నిన్న బస్టాండులో ఎవరో,
గొంతుని బట్టి నరసన్నపేట వైపు మనిషి,
"అమ్మా, ఆ బోర్డు మీద ఏటి రాసుంది?"
అని నన్నే అడిగాడు.
మంచి కళ్ళే ఉన్నాయి పాపం, లిపి రాదు.
నేను బోర్డుకి పక్కనున్న ఖాళీ వైపు చూశాను.
ఏమీ రాలేదు.
ఇంజను విన్నాను.
వెనక తలుపు లొడలొడలాడింది,
కండక్టరు పోలయ్య దగ్గాడు.
"పాతపట్నం. బేగి ఎక్కు బాబూ."

ఎక్కాక నా చేతిలో కర్ర చూశాడో ఏమో.
నా బస్సు అది కాదు.
గుణుపురం బండి దగ్గు వేరే.